తిప్పారెడ్డి ఎరువు నేను దొంగిలించిన వైనం

లోకంలో దొంగలు చాలా రకాలు. బంగారం ఎత్తుకుపోయేవాళ్ళు, బైకులు ఎత్తుకుపోయేవాళ్ళు, బోరు మోటర్ల కేబుళ్ళు కోసుకుపోయేవాళ్ళు. ఈ మూడో రకానికి మా జిల్లాలో ఏనాడూ కొదవ లేదు. కానీ ఒక్క పెంటిక కూడా చేత్తో ముట్టుకోకుండా, ఒక రైతు చేనికి రావలసిన గొర్రెల ఎరువంతా తెల్లారేసరికి మాయం చేసి, పక్క రైతు చేన్లో తేల్చిన దొంగ అనంతపురం సీమలో నేనొక్కతెనే. గొప్పకు చెప్పుకోవడం లేదు. పంచాయితీలో నిలబెట్టి మరీ తేల్చిన సంగతి ఇది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆ దొంగతనం నేను గొర్రెల సంతోషం కోసం చేశాను.

నవ్వకండి. గొర్రెల సంతోషం అప్పట్లో నా ఉద్యోగం.

చదువు ముగిసిన కొత్తలో బెంగళూరు సంస్థ ఒకటి నన్ను పనిలోకి తీసుకుంది. కరువు సీమలో గొర్రెలు ఎలా మసలుకుంటాయి, ఎప్పుడు బెదురుతాయి, ఎప్పుడు నెమ్మదిగా ఉంటాయి అని దగ్గరుండి చూడాలి. చూసి, వాటిని ఎలా సాకాలో కాపరులకూ, ఏ నియమాలు పెట్టాలో ప్రభుత్వానికీ చెప్పాలి. మంచి పనే. ఇప్పటికీ మంచి పనే అంటాను. చెడ్డది పని కాదు, దానికి దొరికిన మనిషి.

అనంతపురం టౌన్లో మా అమ్మను పక్కింటావిడ అడిగేది. "మీ పాప ఏం చేస్తాంది వదినా?"

"గొర్రెల కాడికి పోయింది."

"అయ్యో, అంత చదువు చదివించి గొర్రెలు కాయిస్తాండారా?"

"ఊరికే కాదులే. నెలజీతానికి."

మా ప్రాజెక్టు సార్ బెంగళూరు ఆఫీసులో ఉండేవారు. గొర్రెల మనసు మీద ఆయనకున్న పట్టు అపారం. గొర్రెల మీదే కొంచెం తక్కువ. గొర్రె మనసు చెవుల్లో తెలుస్తుందని చెప్పి నాకొక కొలత ఇచ్చారు. చెవులు వెనక్కి వాలితే భయం, ముందుకు నిక్కితే అనుమానం, పక్కలకు వదులుగా వాలితే మనశ్శాంతి. బాగానే ఉంది. తీరా చూస్తే ఆ కొలత ఎక్కడో చలిదేశపు గొర్రెల కోసం తయారైంది. మన గొర్రెల చెవులు పుట్టుకతోనే తమలపాకుల్లా వేలాడుతూ ఉంటాయి. దాని లెక్కన మన గొర్రె పుట్టింది మొదలు పోయేదాకా పరమ ప్రశాంతం. ఎండలో నాలుక బయటపెట్టి రొప్పుతున్నా ప్రశాంతమే. ఈ సంగతి సార్‌కి ఫోన్లో విన్నవిస్తే కాసేపు ఆలోచించి, "చెవి చూడకు, చెవి మొదలు చూడు. మొదలు ఎటు తిరిగిందో అదే మనసు" అన్నారు. అప్పటినుంచి నేను చెవి మొదళ్ళు చూసే మనిషినయ్యాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ చెవులు కూడా వదిలేదాన్ని కాదు.

నన్ను పంపిన ఊరు మడకశిరకు అవతల, కర్ణాటకను ఆనుకుని ఉంటుంది. ఆ ఊళ్ళో ఓబులేసు అని నడివయసు కాపరి. నూటికి పైగా గొర్రెలు, రెండు కుక్కలు, గంగమ్మ అనే భార్య ఉండేవి, ఉండేది. గొర్రెలతో కన్నడంలో, కుక్కలతో తెలుగులో, గంగమ్మతో రెండూ కలిపి మాట్లాడేవాడు. కోపం, ప్రేమ రెండూ గొంతు చించుకునే చూపేవాడు కాబట్టి ఏది ఏదో నాకు చాలాకాలం తెలియలేదు. నేను డాక్టర్‌ను కానని ఎన్నిసార్లు చెప్పినా ఊళ్ళో అందరూ నన్ను డాక్టరమ్మ అనే పిలిచేవాళ్ళు. దగ్గొచ్చిన మేకల్ని తెచ్చి నా ముందు నిలబెట్టేవాళ్ళు. నేను వాటి చెవి మొదలు చూసి "దిగులుగా ఉండాది" అని చెప్పేదాన్ని. వాళ్ళు మేకను తోలుకుని మడకశిర పశువుల ఆసుపత్రికి పోయేవాళ్ళు.

ఇక అసలు స్థలం. వేసవి కాలం అది. వేరుశనగ ఎప్పుడో పీకేశారు, చేలన్నీ ఎర్రగా బీడుపడి ఉన్నాయి. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోతే తిప్పారెడ్డి బోరొక్కటే ఇంకా నీళ్ళు పోస్తూ ఉంది. తిప్పారెడ్డి మాజీ సర్పంచు. మాజీ అన్న మాట ఆయన ఎదుట ఎవరూ అనేవాళ్ళు కాదు. ఆయన, ఓబులేసు ఒక ఒప్పందానికి వచ్చారు. పగలు మందకు తిప్పారెడ్డి బోరు తొట్టిలో నీళ్ళు. పొద్దు గూకాక మంద తిప్పారెడ్డి చేన్లో పడుకోవాలి. చుట్టూ తాడు వల కట్టి, మేకులు దిగ్గొట్టి, ఈ రోజు ఇక్కడ, రేపు నాలుగడుగులు అవతల, అలా చేనంతా తిప్పాలి. పడుకున్న గొర్రెలు వేసే పెంటికలు, పోసే మూత్రంతో చేను బలపడుతుంది. మా సీమలో దీన్ని మంద పెట్టించుకోవడం అంటారు. దానికోసం రైతులు కాపరుల వెంట పడతారు, పోటీపడతారు, అలుగుతారు.

ఇదంతా ఓబులేసు నాకు మొదటిరోజే చెప్పాడు. నేను తలూపాను కూడా. కానీ నాకు ఆ మందలో గొర్రెలే కనిపించాయి. ఊళ్ళో మిగతా అందరికీ అది నాలుగు కాళ్ళ మీద నడిచే ఎరువు. నీళ్ళ తొట్టి, వల, తిప్పారెడ్డి మర్యాద, ఓబులేసు బతుకు, అన్నీ ఆ పెంటికల మీద నిలబడి ఉన్నాయని నా చదువులో ఎక్కడా రాలేదు.

తిప్పారెడ్డి చేనికి ఆనుకునే ఆయన పెదనాయన కొడుకు ఎర్రిస్వామిరెడ్డి చేను. మధ్యలో గట్టు. ఏటా దుక్కిలో ఇటు నుంచి ఈయన ఒక చాలు, అటు నుంచి ఆయన ఒక చాలు గట్టులోకి దున్నుతూ పోగా పోగా అది మిగిలీ మిగలనట్టు ఉండేది. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఒకాయన ఏ పార్టీలో ఉంటే రెండో ఆయన దానికి ఎదురు పార్టీ. ఒకసారి తిప్పారెడ్డి ఉన్నట్టుండి పార్టీ మారితే, అప్పటిదాకా ఆ కొత్త పార్టీలోనే చేరదామని బట్టలు కుట్టించుకున్న ఎర్రిస్వామిరెడ్డి ఆ బట్టలతోనే వెనక్కి తిరిగాడట.

ఇప్పుడు నా పరిశోధన పద్ధతి వినండి. "దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుందమ్మా, మందలో కలిసిపో" అన్నారు సార్. "మధ్యలో కదలకుండా కూర్చో. మాట్లాడకు. చూపు తిప్పకు. గొర్రెలు నిన్ను తమలో ఒకరిగా స్వీకరించాలి."

ఈ మాట మా అమ్మకు ఫోన్లో చెబితే, "మేము ఎప్పుడో స్వీకరించినాం గదే" అంది.

నేను సార్ మాట తు.చ. తప్పకుండా పాటించాను. రోజూ పొద్దుగూకే వేళ వల లోపల, మంద నట్టనడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, సంస్థవాళ్ళిచ్చిన మెరుపు పట్టీల జాకెట్టు తొడుక్కుని, మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టుకుని, రెప్పవేయకుండా గొర్రెల్ని చూస్తూ కూర్చునేదాన్ని. అవి కూడా నన్నే చూసేవి. పడుకున్నవి లేచేవి, లేచినవి తిరిగేవి, ఒకదాన్నొకటి తోసుకునేవి. చెవి మొదళ్ళన్నీ బిగిసి ఉండేవి. వీడియోలు సార్‌కి పంపాను.

"అద్భుతం!" అన్నారు సార్. "తీవ్రమైన అశాంతి. కారణం ఏమిటంటావ్?"

"చేను సార్. ఈ చేను వాటికి నచ్చలేదు. పల్లంగా ఉంది, గాలి లేదు. పక్క చేను ఎత్తుగా ఉంది."

"అయితే ఎంపిక ఇచ్చి చూడు. ఎటు పోవాలో వాటినే నిర్ణయించుకోనీ. ఎంపిక అంటేనే కదమ్మా సంక్షేమం! ఇది రుజువైతే రాష్ట్రమంతటా మందలకు పడక ఎంచుకునే హక్కు ఇవ్వాలని మనం సిఫార్సు చేయొచ్చు."

రాష్ట్రమంతటా! ఆ మాటతో నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. అసెంబ్లీలో గొర్రెల హక్కుల బిల్లు మీద చర్చ జరుగుతున్నట్టూ, నేను గ్యాలరీలో కూర్చుని వినయంగా నవ్వుతున్నట్టూ కూడా ఊహించుకున్నాను.

సరిగ్గా అప్పుడే గంగమ్మ చెల్లెలి బిడ్డకు మడకశిరలో పేరు పెడుతున్నారు. ఓబులేసు, గంగమ్మ ఇద్దరూ పోవాలి. మందను వలలోకి తోలి, మేకులు గట్టిగా కొట్టి, ఓబులేసు నాకు జాగ్రత్తలు చెప్పాడు.

"డాక్టరమ్మా, ఈ ఒక్క రాత్రికి చూసుకో. కుక్కలుండాయి, భయం లేదు. తోడేలు అలికిడైతే అవే అరుస్తాయి. పొద్దున్నే ఫస్టు బస్సుకొచ్చేస్తాం."

"నువ్వు నిమ్మళంగా పోయిరా అన్నా. నేనుండానుగా."

కుక్కల గురించి చెప్పాడు, తోడేళ్ళ గురించి చెప్పాడు, సద్దిమూట ఎక్కడుందో చెప్పాడు. వల విప్పొద్దని మాత్రం చెప్పలేదు. ఆయన జన్మలో ఎవరికీ అది చెప్పాల్సిన అవసరం రాలేదు మరి.

వాళ్ళు అటు పోగానే నేను ఇటు గట్టువైపున్న వల మేకులు పీకేశాను. పీకి, కెమెరా పట్టుకుని పక్కకు తప్పుకున్నాను. ముందొక ముసలి పొట్టేలు గట్టెక్కింది. ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. చూసి అవతలికి దూకింది. దాని వెనకే మంద మొత్తం గట్టు దాటి ఎర్రిస్వామిరెడ్డి చేన్లోకి పోయింది. పోయి, హాయిగా పడుకుంది! చెవి మొదళ్ళు వదులుగా, నెమరేస్తూ, కళ్ళు అరమోడ్చి. నాకు ఒళ్ళు పులకరించింది. వలను ఈడ్చుకుపోయి వాటి చుట్టూ వచ్చినట్టుగా కట్టి, ఇవతల గట్టు మీద కూర్చుని వీడియో తీస్తూ తీస్తూ నిద్రపోయాను.

తెల్లవారుతుండగా ఎవరో గొంతు సవరించుకుంటే మెలకువ వచ్చింది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఎర్రిస్వామిరెడ్డి నిలబడి ఉన్నాడు. తన చేన్లో మందను చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఉన్నది భక్తి.

"ఏమి డాక్టరమ్మా, ఇవి ఈడికెట్ల వచ్చినాయి?"

"అవే వచ్చినాయన్నా! నేను దావ ఇచ్చినాను, అంతే. ఇష్టపడి వచ్చినాయి."

"ఇష్టపడా?"

అడిగిన పాపానికి ఆయన్ని కూర్చోబెట్టి అంతా వివరించాను. చెవి మొదళ్ళు, మనశ్శాంతి, భద్రతాభావం, అవతలి చేను మీద గొర్రెలకు కలిగిన విరక్తి. వీడియో చూపించాను.

"విరక్తి అంటే?" అన్నాడు చాలా శ్రద్ధగా.

"అంటే ఆ చేనంటే మనసు విరిగిపోయిందన్నా వాటికి."

"తిప్పారెడ్డి చేనంటేనే?"

"అవునన్నా."

"ఆ వీడియో నాకొకటి పంపమ్మా. మా పిల్లోళ్ళు చూస్తారు."

పంపాను. సైన్సు మీద రైతుకు అంత ఆసక్తి ఉంటే పంపనా? ఆయన పుల్ల ఉమ్మేసి గబగబా ఊళ్ళోకి పోయాడు. నేను మందను లేపి తొట్టివైపు తోలుతున్నానో లేదో, ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. ఎర్రిస్వామిరెడ్డి నాగళ్ళు దించి, గొర్రెలు లేచిన మేరకు చేను దున్నడం మొదలుపెట్టాడు. పొద్దున్నే ఎంత కష్టజీవి అనుకున్నాను. పెంటికలన్నీ మట్టికింద పడి కనిపించకుండా పోతున్నాయని, ఇక వాటిని ఏ దేవుడూ వెనక్కి తీయలేడని నాకు తట్టలేదు.

అప్పుడు తిప్పారెడ్డి వచ్చాడు. రోజూ పొద్దున్నే తన చేన్లో పడిన ఎరువును కళ్ళారా చూసుకోవడం ఆయనకు అలవాటు. వచ్చినవాడు ఖాళీ చేను చూశాడు. అటు ట్రాక్టర్ చూశాడు. నన్ను చూశాడు.

"మంద యాడ పండుకునింది?"

"ఆడ అన్నా." చెయ్యి చూపించాను.

"ఎవురు తోలినారు?"

"ఎవురూ తోలలేదన్నా. వాటి ఎంపిక."

"ఏంది, వాటి ఎంపికా? ఎలక్షన్లు పెట్టినావా గొర్రెలకు?"

ఇంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. ఊరి గ్రూపులో ఏదో వచ్చింది. తీసి చూశాడు. నా వీడియో. కింద ఎర్రిస్వామిరెడ్డి రాత: గొర్రెలు సైతం మా పక్షానికే వచ్చేసినాయి, తిప్పారెడ్డి చేనంటే విరక్తి అని డాక్టరమ్మగారే తేల్చినారు. దానికింద ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అభినందనలు అని కూడా రాశారు.

తిప్పారెడ్డి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తరవాత పోయి మోటర్ బంద్ చేసి, స్టార్టర్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి బనీను లోపల వేసుకున్నాడు.

"ఎరువు వానికి, నీళ్ళు నావా? వాని చేన్లోనే తాగమను పో!"

ఎర్రిస్వామిరెడ్డి ట్రాక్టర్ మీద నుంచే అరిచాడు. "నా బోరు ఎండిపోయి ఏడాదాయె! యాడ నుంచి తేవల్ల?"

తొట్టిలో అడుగున మిగిలిన నీళ్ళు చూశాను. ఆ రోజుకు సరిపోతాయి, అదీ బొటాబొటిగా. రేపటికి లేవు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇంత మందకు నీళ్ళిచ్చే బోరు లేదు. గొర్రెలకు మనశ్శాంతి ఇవ్వబోయి వాటి నీళ్ళు ఆపించాను.

ఫస్టు బస్సుకు ఓబులేసు, గంగమ్మ దిగారు. నామకరణం లడ్ల డబ్బా చేత్తో పట్టుకుని నవ్వుతూ వచ్చిన ఓబులేసు సంగతి విని డబ్బా నేలకేసి కొట్టాడు.

"ఎవురిప్పమనిందమ్మా వల? ఎవురిప్పమనింది? తోడేలొస్తాదని భయపడితి గానీ నువ్వుండావని మర్చిపోతినే!"

వెంటనే తిప్పారెడ్డి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "రెడ్డీ, నేను ఊర్లోనే లేను. నాకేం తెల్దు. అంతా ఈయమ్మే. కావాలంటే ఈయమ్మను కట్టేసుకో, మందకు మాత్రం నీళ్ళిడు."

ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా నన్ను అప్పగించేశాడు. గంగమ్మ కింద పడిన లడ్లు ఏరుకుంటూ, "ఆయమ్మను కట్టేసుకుని ఆయప్ప ఏం చేసుకుంటాడు, పాలిస్తాదా?" అంది.

పంచాయితీ పాల కేంద్రం అరుగు మీద పెట్టారు. ఊరంతా వచ్చింది. ఎరువు దొంగతనం విచారణ ఎవరూ అంతకుముందు చూసి ఉండలేదు.

"నా ఎరువు నాకు కావల్ల" అన్నాడు తిప్పారెడ్డి.

"దున్నేస్తి గదా. మట్టిలో కలిసిపోయినాది. వచ్చి ఏరుకోమను" అన్నాడు ఎర్రిస్వామిరెడ్డి.

"పై మట్టి గోకి ట్రాక్టర్లకెత్తి అటు పోసేద్దాం" అని ఒకరు సలహా ఇచ్చారు.

"నా మట్టి ముట్టుకుంటే ఊరుకోను!"

"కేసు పెడదామప్పా" అన్నారు వెనకనుంచి ఇంకెవరో. పక్కనున్నాయన అడ్డం పడ్డాడు. "ఏ సెక్షన్ కింద పెడతారు? వస్తువు పోలేదు, పక్క చేన్లోనే ఉండాది. తీసింది మనిషి కాదు, గొర్రె. గొర్రెను లోపలేస్తారా?"

తిప్పారెడ్డి చెయ్యెత్తాడు. ఆయన గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "ఎరువు పోతే పోయిందప్పా. గొర్రెలకు నా చేనంటే విరక్తి అని చెప్పినారే, అది నాకు ఈడ తగిలింది" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మా నాయన చేను అది. మనుషులు నన్ను ఓడగొట్టినారు, సరే. గొర్రెలు కూడానా?"

నాకు నిజంగా జాలేసింది. అంతలో నా ఫోన్ మోగింది. సార్.

"అమ్మా, వీడియో చూశాను. ఏకగ్రీవంగా వెళ్ళాయే! చరిత్ర ఇది!"

"సార్, ఇక్కడ మందకు నీళ్ళు ఆపేసినారు."

"ఓహో!" ఆయన గొంతులో ఉత్సాహం. "దాహంలో చెవి మొదళ్ళు ఎలా ఉంటాయో మన దగ్గర లెక్కే లేదమ్మా. కెమెరా ఉందిగా?"

నేను ఫోన్ పెట్టేశాను. ఉద్యోగంలో చేరాక సార్ మాట మధ్యలో పెట్టేయడం అదే మొదటిసారి.

చివరికి తీర్పు ఇలా వచ్చింది. ఆ పూటకు తొట్టిలో మిగిలినవి తాగించుకోవచ్చు. ఆ రాత్రి మంద తిప్పారెడ్డి చేన్లోనే, ఒక్క గొర్రె గట్టు దాటకుండా పడుకోవాలి. పొద్దున తిప్పారెడ్డి ఎరువు చూసి, తృప్తి పడితేనే మోటర్. లేదంటే ఓబులేసు మంద తోలుకుని ఊరు విడిచిపోవాలి. ఆ ఎండల్లో ఎక్కడికి పోతాడు? పోతే దావలోనే ఎన్ని పడిపోతాయో అందరికీ తెలుసు. తెలిసే అందరూ నేలచూపులు చూశారు.

"నేనే కాపలా ఉంటాను" అన్నాను. "నా తప్పు, నేనే దిద్దుకుంటాను."

"వొద్దు తల్లీ" అన్నాడు ఓబులేసు.

"ఉండనీ" అన్నాడు తిప్పారెడ్డి. "చేసినామెనే చూసుకోనీ."

ఆ రాత్రి నేను కుర్చీని వల నట్టనడుమ వేసుకున్నాను. మెరుపు జాకెట్టు గుండీలన్నీ పెట్టుకున్నాను. ఇంత నిష్ఠగా నేను ఏ పరీక్షకూ కూర్చోలేదు. కదలలేదు, మెదలలేదు, చూపు మరల్చలేదు. ఒక్క గొర్రె తల గట్టువైపు తిరిగితే చాలు, దాన్నే గుడ్లురిమి చూశాను. ఒక్కటీ దాటలేదు. తెల్లారేసరికి మెడ పట్టేసింది కానీ గర్వంగా ఉంది.

తిప్పారెడ్డి వచ్చాడు. వెనక ఓబులేసు, గంగమ్మ, ఊళ్ళో సగం మంది. గట్టు అవతల ఎర్రిస్వామిరెడ్డి ఊరికే నిలబడినట్టు నిలబడ్డాడు. ఓబులేసు మందను లేపాడు. గొర్రెలు లేచి పక్కకు జరిగాయి. కింద నేల కనిపించింది.

వల కట్టిన మేరంతా శుభ్రంగా ఉంది. దూరంగా ఒక మూలన మాత్రం పెంటికలు గుట్టగా పడి ఉన్నాయి. గట్టు దాటడం లేదని మురిసిపోతూ నేను పట్టించుకోలేదు కానీ, మందంతా రాత్రంతా ఆ మూలనే, ఒకదాని మీదొకటి ఒరుగుతూ, వలకు అతుక్కుని గడిపిందన్నమాట. ఇక నా కుర్చీ చుట్టూ అయితే కల్లాపి చల్లి ముగ్గేసుకోవచ్చు. గుండ్రంగా, విశాలంగా, ఒక్క పెంటిక లేదు.

నేను కుర్చీలో కూర్చునే ఆ గుండ్రాన్ని చూశాను. గొర్రెల్ని చూశాను. అన్నీ నన్నే చూస్తున్నాయి, చెవి మొదళ్ళు బిగించుకుని. లేచి వల దాటి నాలుగడుగులు దూరం నడిచాను. చెవులు వదులయ్యాయి. వెనక్కి వచ్చాను. బిగిశాయి. మళ్ళీ పోయాను. వదులు. చీకటిపడే వేళ తమ మధ్యలోకి వచ్చి, కదలకుండా కూర్చుని, కళ్ళార్పకుండా తమనే చూసేది గొర్రె లోకంలో ఒక్కటే ఉంటుంది. దాన్ని తోడేలు అంటారు. మన తోడేలుకు జాకెట్టు మీద మెరుపు పట్టీలు అదనం. పాపం అవి ఇన్నాళ్ళూ ఎర్రిస్వామిరెడ్డి చేనును ప్రేమించనూ లేదు, తిప్పారెడ్డి చేనును ద్వేషించనూ లేదు. దారి దొరికిన రోజున నా నుంచి పారిపోయాయి.

"ఇదేనా నా ఎరువు?" తిప్పారెడ్డి ఆ మూలకు చెయ్యి చూపించాడు. "ఈ మూలన పోసుకుని ఏం పండించుకోవల్ల నేను? ఇంగ అయిపోయింది ఓబులేసూ, మంద తోలుకో."

ఓబులేసు నోరు తెరిచాడు కానీ ఆయన నోట మొదటిసారి కేక రాలేదు. గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొట్టి దగ్గర రెండు గొర్రెపిల్లలు తడి ఆరిన గచ్చును నాకుతున్నాయి.

సిగ్గు పడటానికి నాకు టైము లేదు.

"అన్నా!" అన్నాను. "వాటికి విరక్తి మీ చేనంటే కాదు. నేనంటే."

"ఏంది?"

"నన్ను చూసి బెదురుతాండాయన్నా. నేను మధ్యలో కూర్చోబట్టే ఆ పొద్దు గట్టు దాటినాయి. నేను కూర్చోబట్టే రాత్రి మూలకు పోయినాయి. మీ చేను బంగారం. లోపమంతా నాదే."

తిప్పారెడ్డి ముఖం నెమ్మదిగా మారింది. మాజీ పదవి పోయి అసలు పదవి వచ్చినట్టు వెలిగింది. జేబులోంచి ఫోన్ తీసి నా ముఖానికి ఎదురుగా పెట్టాడు.

"మళ్ళా చెప్పు."

"అన్నా, వింటిరి కదా..."

"గట్టిగా చెప్పు. గట్టు అవతలోళ్ళకు వినపడల్ల."

గొర్రెల దాహం కళ్ళముందు ఉంది. గొంతెత్తి చెప్పాను. "తిప్పారెడ్డి అన్న చేనంటే గొర్రెలకు విరక్తి లేదు! నేనంటేనే విరక్తి! అవి ఎర్రిస్వామిరెడ్డి అన్న చేనును చూసి పోలేదు! నా ముఖం చూసి పోయినాయి!"

"డాక్టరమ్మ అని చెప్పు. పేరూ ఊరూ చెప్పు."

చెప్పాను. పేరు, ఇంటిపేరు, చదువు, సంస్థ, అన్నీ చెప్పాను. ఎర్రిస్వామిరెడ్డి చిన్నబోయి, "ఆ ఎరువు మాత్రం ఇచ్చేదిలే" అని గొణిగి వెళ్ళిపోయాడు. తిప్పారెడ్డి వీడియోను గ్రూపులో పడేసి, ఒకసారి తను చూసుకుని, రెండోసారి అందరికీ చూపించి, బనీనులోంచి తాళంచెవి తీశాడు. బోరు దగ్గి, ఉమ్మి, ధారగా పోసింది. మంద తొట్టి మీద పడింది. ఓబులేసు కన్నడంలో వాటిని తిడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, కాకపోతే చాలా దూరంగా నిలబడి.

"ఒక మాటమ్మా" అన్నాడు తిప్పారెడ్డి ఇప్పుడు ఎంతో ఆప్యాయంగా. "నీళ్ళు ఎన్ని కావాలన్నా ఇస్తా. గానీ సాయంత్రం మంద వలలోకి వచ్చే పొద్దుకు నువ్వు ఊరి పొలిమేరల్లో ఉండకూడదు."

పదకొండు గంటల బస్సుకే ఎక్కించారు. గంగమ్మ మట్టి దులిపిన లడ్లు పొట్లం కట్టి ఇచ్చింది.

మర్నాడు ఓబులేసు ఒక వీడియో పంపాడు. తిప్పారెడ్డి చేన్లో మందంతా వల నిండా పరుచుకుని పడుకుని ఉంది. చెవి మొదళ్ళు పూర్తిగా వదులు. దాన్ని అలాగే సార్‌కి పంపించాను. నిమిషం కాలేదు, ఫోన్ వచ్చింది.

"ఇంత ప్రశాంతత మన ప్రాజెక్టులో ఎప్పుడూ చూడలేదమ్మా! అదే చేను, అవే గొర్రెలు! ఏం మార్చావ్? రాష్ట్రమంతటా అమలు చేయిద్దాం, చెప్పు!"

"నన్ను తీసేసినాం సార్."

అందుకని పాఠకులారా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా ఒంట్లో ప్రాణముండగా ఏ గొర్రె అభిప్రాయమూ దాని ఎదుట కూర్చుని అడగను. తప్పనిసరై అడగాల్సి వస్తే పక్క ఊళ్ళో నిలబడి అడుగుతాను. జవాబు ఏదైనా సరే, వల మేకు మాత్రం పీకను.